ఇనుము జాబితాలో చేర్చండి

2024 ఆగస్టులో మద్రాసు ఐఐటీ నుంచి పెద్దమనుషులు అమరావతి వచ్చారు. సచివాలయం టవర్లు లేవాల్సిన చోట అప్పటికి చెరువు లేచి కూర్చుంది. పడవెక్కారు. నీళ్లలోంచి తలలు పైకెత్తి చూస్తున్న ఊచల దగ్గరికి పోయారు. ఎంత తుప్పు పట్టింది, ఎంత లోతుకు దిగింది, పునాదికి ఇంకా సత్తువుందా, మీద అంతస్తులు మోయగలదా అని ఆరా తీశారు. మిగతా భవనాలు చూడడానికి హైదరాబాద్ ఐఐటీ నుంచి ఇంకో బృందం. ఆ తర్వాత మోటార్లు దించి నీళ్లు తోడారు. పండక్కొచ్చిన కొత్తల్లుడికి జ్వరమొచ్చినా ఇంత హడావుడి ఉండదు.

మంచిదే. ఇనుము ప్రజల సొమ్ము, పరామర్శించాల్సిందే. కాకపోతే ఆ ఊచలు తమంతట తాము నడిచొచ్చి అక్కడ నిలబడలేదు. లారీ దించి, కోసి, వంచి, రింగులు తొడిగి, ముడులేసి నిలబెట్టిన చేతులున్నాయి. 2019లో పని ఆగిన రోజున ఊచలతోపాటు ఆ చేతులూ ఆగిపోయాయి. వాటికెంత తుప్పు పట్టిందో చూడడానికి ఏ ఐఐటీ నుంచీ ఎవరూ పడవెక్కలేదు.

అందుకని రాడ్ బెండింగ్ కార్మికుల తరఫున ఈ అర్జీ రాస్తున్నాను. ఈ జాబితాలోంచి ఆ జాబితాలోకి మార్చమని అడగడం, ఎన్నికల ముందు మారుస్తామనడం, తర్వాత కమిటీ వేయడం మన రాష్ట్రంలో పాత ఆచారమే. వీళ్ల కోరిక చాలా చిన్నది. వీళ్లను మనుషుల జాబితాలోంచి తీసేసి ఇనుము జాబితాలో చేర్చండి. రిజర్వేషన్లు అక్కర్లేదు, కార్పొరేషన్ అక్కర్లేదు, దానికో చైర్మన్ అసలే అక్కర్లేదు. మనుషుల్లో ఉండి వీళ్లు బావుకున్నదేమీ కనబడడం లేదు.

ఇనుముగా పుడితే ఎన్ని మర్యాదలో చూడండి. ఊచ పుడుతూనే ఒంటి మీద కంపెనీ పేరు పొంగించుకుని పుడుతుంది. అదీ ఒక్కచోట కాదు, ఈ కొస నుంచి ఆ కొస దాకా. ఏ బ్యాచ్‌లో పుట్టింది, ఎంత లాగితే తెగుతుంది, ఎంత వంచితే విరుగుతుంది అని జాతకం రాసిన టెస్ట్ సర్టిఫికెట్ వెంట వస్తుంది. లారీ సైటుకు చేరేముందు కాటా ఎక్కుతుంది. సరుకుతో ఒకసారి, దించాక ఖాళీ బండి ఒకసారి. తేడా చీటీ మీద పడుతుంది, చీటీ మీద సంతకాలు పడతాయి. పది కిలోలు తగ్గితే డ్రైవర్‌ను నిలదీస్తారు. కట్ట మాయమైతే పోలీసు స్టేషన్‌కు పోతారు.

అదే లారీ వెనకాలే, అదే గేట్లోంచి పాతిక మంది మనుషులు లోపలికి పోతారు. ఎందరు పోయారో, ఎందరు తిరిగొచ్చారో మేస్త్రి చొక్కా జేబులో ఉన్న చిన్న పుస్తకానికి ఒక్కదానికే తెలుసు. అందులోనూ పూర్తి పేర్లుండవు. 'పొట్టి', 'ఒరిస్సా', 'బాబాయ్', 'బాబాయ్ అల్లుడు'. ఒకడు తగ్గితే ఎవరూ స్టేషన్‌కు పోరు. పొద్దున్నే అడ్డా మీద ఇంకొకడు దొరుకుతాడు. ఊచ మాత్రం అడ్డా మీద దొరకదు. ఆర్డర్ పెట్టాలి, అడ్వాన్సు కట్టాలి, వచ్చేదాకా ఎదురుచూడాలి.

పడక సంగతి చూద్దాం. కట్టుబడి సామాను ఎలా భద్రపరచాలో చెప్పే భారత ప్రమాణం ఒకటుంది, దాని నంబరు 4082. సముద్రతీర ప్రాంతాల్లో గానీ, ఎక్కువకాలం నిల్వ ఉంచాల్సి వచ్చినప్పుడు గానీ, ఊచలను నేలకు కనీసం 150 మిల్లీమీటర్ల ఎత్తులో పేర్చాలనీ, తుప్పు పట్టకుండా సిమెంటు పాలు పూయాలనీ అందులో రాశారు. అంటే అర అడుగు మంచం, ఒంటికి లేపనం. ఆ ఊచలు వంచే మనిషి రాత్రి పడుకునేది సెల్లార్లో, పరిచిన ఖాళీ సిమెంటు సంచి మీద. నేలకు ఎంతెత్తంటే సంచి మందమంత. లేపనం దోమలు పూస్తాయి.

సొంతిల్లున్నవాళ్ల సంగతీ అంతే. బెజవాడలో ఈ పని చేసేవాళ్లు చాలామంది సింగ్ నగర్, వాంబే కాలనీ వైపే ఉంటారు. పునాదులు చూడడానికి పడవలొచ్చిన మరుసటి నెలలోనే, 2024 సెప్టెంబరులో, బుడమేరుకు గండ్లు పడి ఆ కాలనీలు మునిగాయి. అప్పుడు డాబాల మీద నిలబడి జనం ఎదురుచూసింది కూడా పడవ కోసమే. మంచినీళ్ల ప్యాకెట్టు అందడానికి కొన్ని వీధుల్లో రోజులు పట్టింది. వాళ్లు చేసిన పొరపాటేమిటంటే మనుషుల్లా కేకలేశారు. ఊచల్లా నీళ్లలోంచి తలెత్తి మౌనంగా నిలబడి ఉంటే ఏ ప్రొఫెసరైనా చూసి పడవ తిప్పేవాడు.

పోనీ ఈ పనిలో ఏముంది, ఊచ వంచడమే కదా అనే పెద్దలున్నారు. వాళ్ల కోసం కాస్త దగ్గరికెళ్లి చూద్దాం.

ఊచ పొడవు నలభై అడుగులు. పాతిక మిల్లీమీటర్ల లావుది ఒక్కటి నలభై ఆరు కిలోలు. ముప్ఫై రెండుదైతే డెబ్బై ఆరు. ముందొకడు, వెనకొకడు, నడుమ ఒకడు, భుజం మీద గుడ్డ చుట్ట. రోహిణి కార్తెలో రోళ్లు పగులుతాయంటారు. అదే ఎండలో ఆరుబయట పడున్న ఇనుము పగలదు, కాలుతుంది. మధ్యాహ్నం పన్నెండు తర్వాత వట్టిచేత్తో ముట్టుకుంటే తోలు దానికే అంటుకుంటుంది. అందుకని పాత సైకిల్ ట్యూబు ముక్కలు వేళ్లకు తొడుక్కుంటారు. భద్రత కోసం కంపెనీలిచ్చే చేతి గ్లౌజులు కూడా ఉంటాయి. అవి తనిఖీ రోజున ఫొటోకు వస్తాయి.

బరువు లెక్కలు చేయడానికి వీళ్లకు కాలిక్యులేటర్ అక్కర్లేదు. 'డయా స్క్వేర్ బై నూట అరవై రెండు.' పన్నెండు పన్నెండ్ల నూట నలభై నాలుగు, దాన్ని నూట అరవై రెండుతో భాగిస్తే మీటరు బరువు కిలోకు కాస్త తక్కువ, నలభై అడుగుల ఊచ పది కిలోల ఆరొందల గ్రాములు. ఆరో తరగతి దాటని మేస్త్రి బీడీ ఆర్పేలోగా చెప్పేస్తాడు. ఇంజనీరింగ్ కాలేజీ నుంచి కొత్తగా వచ్చిన అబ్బాయి ఫోన్ తీసి చూసుకుని, కరెక్టే అంటాడు. జీతం ఆ అబ్బాయికి కూడా పెద్దగా ఏమీ రాదు, అది వేరే అర్జీ.

ఇక రింగు. ఎనిమిది ఎం.ఎం. ఊచ తీసుకుని, మేకులు దిగ్గొట్టిన చెక్క మీద పెట్టి, పానతో ఐదుసార్లు వంచితే ఒక రింగు. మూడు మూలలు తొంభై డిగ్రీలు, రెండు కొక్కేలు నూట ముప్ఫై ఐదు డిగ్రీలు. కొక్కెం లోపలికి, పిల్లరు గుండెలోకి తిరిగి ఉండాలి. భూకంపం వచ్చినప్పుడు పైపెచ్చు ఊడినా రింగు విచ్చుకోకుండా నిలువు ఊచలను పట్టుకుని ఉండేది ఆ కొక్కెమే. తొంభైకి వంచి వదిలేస్తే పని చకచకా తెములుతుంది, మీద కాంక్రీటు పడ్డాక ఏ దేవుడికీ తెలీదు. పోరంకి వైపు ఒక ఐదంతస్తుల అపార్ట్‌మెంటు దగ్గర నేను విన్న మాటలు ఇవి. మేస్త్రి శ్రీకాకుళం వైపు మనిషి.

"మేస్త్రీ, రింగులింకా అవ్వలేదా? కొక్కెం అంత లోపలికెందుకయ్యా, తొంభైకి కొట్టేయ్."

"భూకంపమొస్తే విచ్చుకుపోద్ది బాబూ."

"బెజవాడలో భూకంపమేంటి నీ మొహం!"

"జోన్ త్రీ అన్నారు బాబూ మొన్నొచ్చిన పెద్ద ఇంజనీరుగారు. మీరలా కాయితమ్మీద రాసి సంతకం పెట్టీయండి, తొంభైకే కొట్టీసి తెల్లారేసరికి ఇచ్చీస్తాను."

సూపర్‌వైజరు గారికి వెంటనే ఫోనొచ్చింది. మోగని ఫోను చెవిన పెట్టుకుని ఇసక గుట్ట వెనక్కి వెళ్లిపోయారు. మేస్త్రి తలెత్తకుండా మళ్లీ పాన పట్టాడు. ఆ ఇంట్లో రేపు గృహప్రవేశం చేసే డాక్టరుగారు వాస్తు పండితుడికి ఎంతిచ్చుకున్నారో నాకు తెలీదు గానీ, ఆయన పిల్లలను కాపాడేది ఈశాన్యంలో పెట్టిన బోరు కాదు, ఈ కొక్కెం.

ఇంత చేసినా ఆ పని ఎవరి కంటా పడదు. కాంక్రీటు పోసే రోజున పలావు పెడతారు, ఫొటోలు దిగుతారు. ఇనుము కట్టే రోజుల్లో యజమాని రాడు, వచ్చినా ఆ ఊచల మీద నడవలేక అంచునుంచే చూసి పోతాడు. 2018 డిసెంబరులో సచివాలయం టవరు పునాదికి మూడు రోజులు ఆపకుండా కాంక్రీటు పోశారు. ముఖ్యమంత్రి వచ్చారు, కెమెరాలొచ్చాయి, ఇంత మందం పునాది దేశంలో ఎక్కడుందో చెప్పమన్నారు. నిలువెత్తు మించిన ఆ మందం అడుగున, వరస మీద వరస, ఊచ ఊచకూ వంగి ముడేసిన వారాలకు కెమెరా లేదు. రాడ్ బెండర్ పనితనం లోకానికి కనబడాలంటే రెండే దారులు. కట్టింది కూలాలి, లేదంటే మధ్యలో ఆగాలి. ఆ లెక్కన అమరావతి ఈ వృత్తికి చేసిన మేలు తక్కువేం కాదు. ఐదేళ్లపాటు వాళ్ల పనిని ఆరుబయట ప్రదర్శనకు పెట్టింది.

కూలిన దారి కూడా చూశాం. ఉండవల్లి కరకట్ట పక్కన ప్రజావేదిక అని ఒకటి 2017లో ఇనుప చట్రాల మీద లేచింది. 2019 జూన్ 25 రాత్రి దాన్ని కూల్చడం మొదలుపెట్టారు. వెల్డింగ్ చేసినవాడి కూలి ముట్టిందో లేదో గానీ జేసీబీ అద్దె ముట్టే ఉంటుంది. ఆ తుక్కు ఐదేళ్లు అక్కడే పడుంది. 2024 జూన్‌లో మళ్లీ అధికారంలోకి వచ్చిన ముఖ్యమంత్రి అమరావతి పర్యటనను ఆ తుక్కు దగ్గరే మొదలుపెట్టారు. వంకర్లు పోయిన ఇనుప దూలాలను చూశారు, చలించారు. చలించాల్సిందే. అప్పుడు నాకనిపించింది, ఈ రాష్ట్రంలో విరిగిన ఇనుముకు కూడా ముఖ్యమంత్రి స్థాయి పరామర్శ ఉంది, విరిగిన నడుముకు ఆరోగ్యశ్రీ కౌంటర్లో టోకెన్ ఉంది.

పని ఆగిన కాలంలో పస్తుల సంగతి మరిచిపోతే పాపం. 2019లో కొత్త ప్రభుత్వం ఇసుక విధానం మారుస్తానంది. మార్చేలోపు ఇసుక మాయమైంది. ఇసుక లేకపోతే కాంక్రీటు లేదు, కాంక్రీటు లేకపోతే ఇనుము కట్టేవాడికి పిలుపు లేదు. కృష్ణ ఒడ్డున కూర్చుని ఇసుక లేదనడం ఎలాంటిదో వేరే చెప్పక్కర్లేదు. కార్మికుల ఆత్మహత్యల వార్తలొచ్చాయి. నవంబరు 3న విశాఖలో జనసేన అధినేత లాంగ్ మార్చ్ చేశారు. నవంబరు 14న విజయవాడ ధర్నా చౌక్‌లో ప్రతిపక్ష నేత పొద్దున్నుంచి రాత్రిదాకా, పన్నెండు గంటలు, నిరాహార దీక్ష చేశారు. సరిగ్గా అదే రోజు ప్రభుత్వం 'ఇసుక వారోత్సవాలు' మొదలుపెట్టింది. ఒకే రాష్ట్రం, ఒకే రోజు, ఒకరికి ఉపవాసం, ఒకరికి ఉత్సవం. ఐదు నెలలుగా పొయ్యి వెలగని ఇంట్లోవాడు ఈ రెండింటిలో దేనికి వెళ్లాలో తేల్చుకోలేక అడ్డా మీదే కూర్చున్నాడు. అతని ఉపవాసానికి టెంటూ లేదు, నిమ్మరసమిచ్చే పెద్దమనిషీ లేడు.

"అన్యాయంగా మాట్లాడకండి, వీళ్లకో చట్టముంది, బోర్డుంది, నిధి ఉంది" అని లేబరాఫీసు వైపు నుంచి ఒక గొంతు వినబడుతోంది. ఉంది, నిజమే. 1996లో పార్లమెంటు భవన నిర్మాణ కార్మికుల చట్టం చేసింది. కట్టే ప్రతి పెద్ద కట్టడం ఖర్చులో ఒక శాతం సెస్సు తీసి వీళ్ల సంక్షేమానికి వాడాలంది. డబ్బు వసూలైంది కూడా. 2018 మార్చిలో సుప్రీంకోర్టు లెక్క తీస్తే దేశమంతా కలిపి 37,400 కోట్లు పోగయ్యాయి, ఖర్చయింది 9,500 కోట్లు. ఆ ఖర్చులో ఏముందయ్యా అని చూస్తే లాప్‌టాప్‌లు, వాషింగ్ మెషీన్లు కనబడ్డాయి. న్యాయమూర్తులు నిర్ఘాంతపోయారు. ఎందుకో నాకర్థం కాలేదు. రాడ్ బెండర్‌కు రెండే చొక్కాలుంటాయి, రెండింటికీ తుప్పు మరకలుంటాయి, ఉతకాలి కదా! చొక్కాకన్నా ముందు మెషీన్ కొన్న దూరదృష్టిని మెచ్చుకోవాలి. అది ఎవరి ఇంట్లో తిరుగుతోంది అనేది కరెంటు బిల్లు వ్యవహారం.

మన రాష్ట్రంలో బోర్డు కథ ఇంకా క్లుప్తం. గత ప్రభుత్వ హయాంలో 1214 అనే నంబరుతో ఒక మెమో వచ్చింది, పథకాలు ఆగాయి. దాన్ని రద్దు చేయమని సంఘాలు ధర్నాల మీద ధర్నాలు చేశాయి. వాళ్లు వంచే ఊచకు భారత ప్రమాణ సంస్థ నంబరు 1786. వాళ్ల కడుపుకు ప్రభుత్వ నంబరు 1214. మొదటిది ఇంతకన్నా బలం తగ్గకూడదని చెబుతుంది, రెండోది ఏదీ అందకూడదని చెప్పింది. 2025 మే 2న ప్రధాని వచ్చి అమరావతి పనులను మళ్లీ మొదలుపెట్టారు. 74 పనులు, 49 వేల కోట్ల పైమాట. పనుల విలువలో ఒక్క శాతమంటే 490 కోట్లు. ఏ కంపెనీ వాషింగ్ మెషీన్లో ఇప్పుడే చూసిపెట్టుకోవడం మంచిది. ఆ ఏడాది నవంబరు 21న నాలుగు లేబర్ కోడ్‌లు అమల్లోకి వచ్చాయని ఢిల్లీ ప్రకటించింది, 1996 చట్టం వాటిలో కలిసిపోయింది. పాత చట్టం కింద రానిది కొత్త కోడ్ కింద రాకపోవడాన్నే సంస్కరణ అంటారు.

ఆ బోర్డులో పేరు నమోదుకు ఒక షరతుంది. గడిచిన పన్నెండు నెలల్లో తొంభై రోజులు పని చేసినట్టు రుజువు చూపాలి. నెలలో మూడు సైట్లు, మూడు సైట్లకు ముగ్గురు మేస్త్రీలు, ముగ్గురికీ పైన ఉప గుత్తేదారు, ఆ పైన ఇంకో ఉప గుత్తేదారు. 'వీడు నా దగ్గర పని చేశాడు' అని రాసిస్తే రేపు పడి చచ్చినప్పుడు ఆ కాగితమే మెడకు చుట్టుకుంటుందని అందరికీ తెలుసు. కాబట్టి ఎవడూ ఎవడి దగ్గరా పని చేయలేదు. అంతస్తులు మాత్రం లేచాయి.

పడిపోవడం గురించి ఎక్కువ రాయను. ఇనుము రేటు పొద్దున్నే డీలర్ ఫోన్లోకి వస్తుంది, టన్నుకు ఎంత పెరిగింది, ఎంత తగ్గింది అని. పెద్ద ఒప్పందాల్లో అయితే, రేటు పెరిగితే తేడా కట్టించే క్లాజు ఉంటుంది. మనిషి రేటు మార్చురీ బయట తేలుతుంది. ఒక పక్క మేస్త్రి, ఒక పక్క పెద్దమనిషి, ఇంకో పక్క ఏడుపు ఆపుకుంటున్న బావమరిది. 'ఊరికి అంబులెన్సు మేమే పెడతాం' అనేది కూడా లెక్కలో కలుపుతారు. దీనికి ఏ క్లాజూ లేదు. ఆ చీటీ మీద కూడా సంతకాలు పడతాయి గానీ కాపీ ఇవ్వరు.

ఈ రాష్ట్రంలో ఇనుముకు పార్టీ కూడా ఉంటుంది. 2024 సెప్టెంబరు వరదకు 11 లక్షల క్యూసెక్కుల పైచిలుకు నీళ్లలో ఇనుప పడవలు కొట్టుకొచ్చి ప్రకాశం బ్యారేజీ గేట్లను గుద్దాయి. కౌంటర్ వెయిట్లు విరిగాయి. గేట్ల నిపుణుడు కన్నయ్యనాయుడు గారి పర్యవేక్షణలో, హోరెత్తే ఏటి మీద క్రేన్లతో కొత్తవి బిగించిన పనివాళ్ల గురించి రాష్ట్రం ఎంతసేపు మాట్లాడుకుందో గుర్తులేదు. పడవల రంగు గురించి మాత్రం వారాల తరబడి మాట్లాడుకుంది. ఏ పార్టీ రంగు, ఎవరి మనుషులు, ఎవరితో ఫొటో దిగారు. మునిగిన పడవలను లాగడానికి కాకినాడ నుంచి ఒక జట్టు, నీళ్లలో కోయడానికి విశాఖ నుంచి ఈతగాళ్లు వచ్చి రోజుల తరబడి తంటాలు పడ్డారు. వాళ్లకు రంగు లేదు కాబట్టి చర్చలకు పిలవలేదు.

కనకదుర్గ ఫ్లైఓవర్ సంగతి ముక్తసరిగా చెప్పేస్తాను. 2015 డిసెంబరులో శంకుస్థాపన, 2016 పుష్కరాలకు పూర్తి అన్నారు, 2020 అక్టోబరు 16న ప్రారంభమైంది. కరోనా కాబట్టి అదీ తెర మీదే. మేం తెచ్చామని ఒకరు, మేం ముగించామని ఒకరు. మేం కట్టామని అనాల్సినవాళ్లలో చాలామంది ఆ మే నెలలోనే నడిచి, సైకిళ్లు తొక్కి సొంతూళ్ల దారి పట్టిన కూలీల్లో కలిసిపోయి ఉంటారు. తాడేపల్లి దగ్గర వాళ్ల మీద లాఠీలు లేచాయి. ఊచల లారీ అయితే పర్మిట్ చూసి వదిలేసేవారు.

బెజవాడ గాంధీనగర్ సినిమా హాళ్లలో హీరో వట్టిచేతుల్తో ఇనుప ఊచ వంచితే ఈలలు, పాలాభిషేకాలు. అదే హీరో మళ్లీ బెంజ్ సర్కిల్ హోర్డింగ్ మీద ఏదో ఉక్కు కంపెనీ ఊచ పట్టుకుని, ఇది వంగదు అని మనకు హామీ ఇస్తాడు. వంగకపోతే రింగెలా చేస్తారు నాయనా అని అడిగే అవకాశం మేస్త్రికి లేదు. ఆ హోర్డింగ్ చట్రం వెల్డింగ్ చేసినవాడు హీరో భుజాల ఎత్తున తాడు లేకుండా వేలాడాడు. అతనికి ఈల వేసింది కింద ట్రాఫిక్ కానిస్టేబులు ఒక్కడే.

బెజవాడ స్వరాజ్య మైదానంలో 2024 జనవరి 19న అంబేడ్కర్ విగ్రహం ఆవిష్కరించారు. పీఠంతో కలిపి 206 అడుగులు. పైన కంచు తొడుగు, లోపల నిలబెట్టింది ఉక్కు చట్రం. వైస్రాయ్ కౌన్సిల్లో లేబర్ మెంబరుగా ఉండి వారానికి నలభై ఎనిమిది గంటల పనికి దారి వేసినాయన ఆయనే. విగ్రహం పెట్టింది ఒక ప్రభుత్వం, 2025 జూన్‌లో ఫ్యాక్టరీల్లో రోజు పనిని తొమ్మిది గంటల నుంచి పదికి పెంచడానికి ఒప్పుకున్నది ఇంకో మంత్రివర్గం. రాడ్ బెండర్ ఈ వార్త విని నవ్వాడు. పది గంటలకు తగ్గిస్తారా అని అడిగాడు.

ఒక అభ్యంతరం నాకు నేనే చెప్పుకోవాలి. ఇనుము జాబితాలోకి వెళ్తే అంతా సుఖమేనా? విశాఖ ఉక్కు కోసం 1966లో 32 మంది ప్రాణాలిచ్చారు. అంత పుణ్యం చేసుకున్న ఇనుమును 2021 జనవరిలో అమ్మేయడానికి ఢిల్లీ సూత్రప్రాయంగా ఒప్పుకుంది. రేపు వీళ్లనూ అలాగే అమ్మకానికి పెడితే? ఆలోచించాను. అమ్మకానికి పెట్టాలంటే ముందు విలువ కట్టాలి. నిపుణులొస్తారు, లెక్కలేస్తారు, దీని ఖరీదు ఇన్ని కోట్లని రాస్తారు. ఇంతవరకు ఎవరూ వీళ్లకు విలువ కట్టింది లేదు కాబట్టి ఆ మేరకు అదీ లాభమే.

జాబితా మార్చడానికి కేంద్రం ఒప్పుకోవాలి, అసెంబ్లీ తీర్మానం చేయాలి, ఏదో కమిషన్ నివేదిక రావాలి అంటారేమో. అంత ఓపిక లేదు. ఈలోగా ఒక్క మధ్యంతర ఉత్తర్వు ఇప్పించండి చాలు. సైటు దగ్గర్లో కాటా ఎలాగూ ఉంది. రాడ్ బెండర్‌ను కూడా దాని మీదికి ఎక్కించండి. పొద్దున ఆరింటికి క్యారియర్‌తో సహా లోపలికి పోయేటప్పుడు ఒకసారి, రాత్రి ఖాళీ క్యారియర్‌తో బయటికి వచ్చేటప్పుడు ఒకసారి. తేదీ, టైము వేసి చీటీ చేతికివ్వండి. తొంభై చీటీలైతే బోర్డులో నమోదుకు రుజువవుతుంది. లోపలికి పోయిన చీటీ ఉండి బయటికి వచ్చిన చీటీ లేకపోతే పోలీసు స్టేషన్లో పనికొస్తుంది. ఇక రెండు బరువుల మధ్య తేడా ఉంటుంది చూశారా, అది మీ సైట్లో దిగిన సరుకు. లారీకి కట్టినట్టే దానికీ బిల్లు కట్టండి.